నినాదానికి కూలి

“కనీస వేతనం పెంచొద్దు! చిన్న హోటళ్లను ముంచొద్దు!”

నందిగామలో హోటళ్ల యజమానులు వేసిన ధర్నా టెంటు అదిరిపోతోంది. ఆ గొంతెవరిదా అని భవానీప్రసాద్ వెనక్కి తిరిగాడు. జగ్గయ్యపేటలోని తన టిఫిన్ హోటల్లో పిండి రుబ్బే రహీమాబీ!

“జ్వరమని సెలవు పెట్టి ఇక్కడున్నావేంటి?”

“జనం చాల్లేదని మీ సంఘమోళ్లే పిలిచారండి. ఐదొందలు, బిర్యానీ పొట్లం.”

“నేను రోజుకి మూడొందలేగా ఇచ్చేది!”

“అవునండి.”

“నీ కూలి పెంచొద్దని నువ్వే అరుస్తావా?”

రహీమాబీ ఇంకో నినాదం అందుకుంది.

“ఆపు! ఆ ఐదొందలూ నేనిచ్చిన చందాలోవే!”

ఆమె ఆశ్చర్యంగా చూసింది. “మీ డబ్బులేనాండి? పెంచమని మూడేళ్లు మెల్లిగా అడిగితే ఇవ్వలేదు. పెంచొద్దని ఒక్కపూట అరిస్తే ఇచ్చారు!”