గదిలో రెండో మనిషి

"పిల్ల మోకాళ్ళు వణుకుతుంటే నీ చూపు ఎటు పోయిందయ్యా?"

కుర్చీలోంచి ఆ గొంతు లేవగానే ట్రైనర్ శేఖర్ ఉలిక్కిపడి కిటికీ వైపు నుంచి తల తిప్పాడు. కింద రోడ్డు మీద ఎవరో ఆటోవాళ్ళు గొడవ పడుతుంటే ఒక్క క్షణం అటు చూశాడు, అంతే. గబుక్కున వచ్చి జ్యోతిక భుజాల మీది ఇనుప రాడ్డును రెండు చేతులా అందుకుని స్టాండు మీద పెట్టాడు.

జ్యోతికకు ఒళ్ళు మండిపోయింది. మోకాళ్ళు తనవి. వణికితే వణికాయి. వాటి సంగతి ఈ నాగేశ్వరికెందుకు?

సరూర్‌నగర్‌లో ఒక ఇస్త్రీ షాపు మీదున్న ఒంటి గది అది. పేరుకు ట్రైనింగ్ స్టూడియో. 'గంటకు ఒక్కరికే' అని తలుపు మీదే రాసి ఉంటుంది. ఆ ఒక్క మాట చూసే జ్యోతిక ఇక్కడ చేరింది.

అంతకుముందు ఎల్బీనగర్‌లో ఒక పెద్ద జిమ్‌కు వెళ్ళేది. మూడంతస్తులు, ఏసీ, చెవులు చిల్లులు పడే పాటలు, గోడల నిండా అద్దాలు. ట్రైనర్లు బోలెడంతమంది. పట్టించుకునేవాడు మాత్రం ఒక్కడూ లేడు. చేరేదాకా మేడం, మేడం అని వెంటపడ్డవాళ్ళకు మర్నాటికల్లా ఆమె మొహం కూడా గుర్తులేదు. ఆమెను శ్రద్ధగా చూసినవాళ్ళు పక్కన కసరత్తు చేసే కుర్రాళ్ళే. ఆమె లావు ఒళ్ళు వేసుకుని ఆపసోపాలు పడుతూ గుంజీళ్ళు తీస్తుంటే, వెనక నిలబడి వీడియో తీసి, ఒక వెటకారపు పాట తగిలించి రీల్‌గా వదిలారు.

జ్యోతిక దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ చెబుతుంది. ఆ రీల్ ఆమెకంటే ముందే ఆమె క్లాసుకు చేరింది. బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక కిసుక్కుమని నవ్వులు. జిమ్ మేనేజరును నిలదీస్తే, అది మా బాధ్యత కాదు మేడం అని చేతులు దులుపుకున్నాడు. ఆ రోజే అక్కడ మానేసింది. ఎవరి కంటా పడకుండా బరువు తగ్గాలి, మళ్ళీ క్లాసులో తలెత్తుకుని నిలబడాలి. ఆమె పట్టుదల అదొక్కటే.

తీరా ఇక్కడికొస్తే మూలన ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో ఈవిడ. చేతిలో ఫోనుండదు, పుస్తకముండదు. మందుకైనా ఒక బరువెత్తదు. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి కళ్ళద్దాలు సర్దుకుంటూ చూడటమే పని. చూసి ఊరుకుంటుందా? అమ్మాయి చెయ్యి పట్టుకో, అమ్మాయికి ఆయాసం వస్తోంది కనపడటంలేదా, అంటూ మధ్యమధ్యలో అరుపులు.

మొదట్లో శేఖర్ తల్లేమో అనుకుంది జ్యోతిక. కానీ శేఖర్‌ది నల్గొండ మాట, ఆమెది కోస్తా మాట. ఇంటి ఓనరేమో అనుకుంది. ఓనరు చంపాపేట్‌లో ఉంటాడట. మరి ఏ హక్కుతో తిష్ట వేసినట్టు? పోనీ ఆ శేఖర్‌కన్నా సిగ్గుండాలి కదా. ఆవిడ ఎంతేసి మాటలన్నా "సరే అమ్మా" అని తల వంచుకుంటాడు.

ఆవిడ నోటికి జడిసి ఇద్దరు ఆడవాళ్ళు ఇప్పటికే మానేశారు. ఉన్నవాళ్ళంతా జ్యోతిక తీసుకొచ్చిన కోచింగ్ సెంటర్ టీచర్లే. ఆమె పోతే వాళ్ళూ పోతారు, గదికి తాళమే. శేఖర్‌కు ఆ సంగతి బాగా తెలుసు.

"అన్నా, ఇయ్యాల తేల్చు," అంది జ్యోతిక, టవలు భుజాన వేసుకుని. "ఆమెనన్న పంపు, నేనన్న పోత."

"జర మెల్లగ మేడం."

"ఎందుకు మెల్లగ? ఒక్కరికే అని రాసినవ్. నమ్మి ఒచ్చిన. నన్ను చూసి నవ్వెటోళ్ళను తప్పించుకొని ఒస్తే ఈడ ఈమె తయారైంది. నా ఒళ్ళేమన్న సినిమానా, పొద్దుగాల్నే ఒచ్చి కుర్చేసుకొని చూడనీకి?"

నాగేశ్వరి కొంగు సర్దుకుంది. ఆమె మొహం మాడిపోయింది.

"నేను చూసేది నిన్ను కాదమ్మాయ్," అంది.

"మరెవర్ని చూస్తున్నరు ఆంటీ?"

ఆవిడ కుర్చీలోంచి లేచి చెప్పుల కోసం వెతుక్కుంది. "నావల్ల నీ బతుకుతెరువు పోవడమెందుకు శేఖర్, నే వెళ్ళిపోతాలే," అంది.

శేఖర్ గబగబా వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వు కూసో అమ్మా." తర్వాత జ్యోతిక వైపు తిరిగాడు. "ఆమె ఈడనే ఉంటది మేడం. మీకు ఇష్టం లేకుంటే మీరే పోండి."

జ్యోతిక తన చెవులను తనే నమ్మలేకపోయింది. ఇన్నాళ్ళూ మెత్తటి మనిషి అనుకుంది. ఇప్పుడు తనకే దారి చూపిస్తున్నాడు.

"ఆమె కోసం దుకాణం మూసుకుంటవా?"

"మూసుకుంట."

"పిలువకుండ ఒచ్చి నెత్తి మీద కూసుంటే పొమ్మనే దమ్ము లేదు గానీ, నన్ను పొమ్మంటున్నవ్. మంచిగున్నది అన్నా నీ న్యాయం."

"ఆమె తనంతట రాలే మేడం. రానంటే రానన్నది. ఇంటికి పోయి కాళ్ళు పట్టుకొని, నా మీద కన్నేసి ఉంచమని నేనే తోలుకొచ్చిన."

"ఎందుకు?"

శేఖర్ నాగేశ్వరి వైపు చూడలేక నేల చూపులు చూశాడు.

"మీరు పోయిన గా పెద్ద జిమ్ముల, వీళ్ళాయన ట్రెడ్‌మిల్ మీద పడి పాణం పోతుంటే, పక్కన్నే నిలబడి ఫోన్ చూసుకుంట ఉన్న ట్రైనర్‌ని నేనే మేడం."