నడిమి తలుపు

“వేళ్ళు ఎడంగా పెట్టి చూపించమ్మా,” అన్నాడు మందుల షాపాయన.

ఆమె చెయ్యి చాపింది. వేళ్ళ సందుల్లో ఎర్రటి పొక్కులు, మణికట్టు దాకా గోళ్ళతో గీరిన చారలు. మూడు వారాలుగా చెమటకాయలనుకుని పౌడరు చల్లింది, తడిగుడ్డ వేసింది, కొబ్బరినూనె రాసింది. పెట్టుబడి పెరిగింది గాని దురద పైసా తగ్గలేదు.

“చెమటకాయలు కావమ్మా. గజ్జి.”

పక్కనే ఉన్న ఆమె భర్తకు తల కొట్టేసినట్టయింది. రంగుల దుకాణం యజమాని, నలుగురూ ఎరిగిన మనిషి. “మెల్లగా అనవయ్యా! మా ఇంట్లో గజ్జేమిటి? రోజుకు రెండుసార్లు స్నానం చేసే కొంప మాది.”

“స్నానానికీ దీనికీ చుట్టరికం లేదండీ. గాలికి రాదు, నీళ్ళకు రాదు. ఒళ్ళూ ఒళ్ళూ కాసేపు ఆనితే పాకుతుంది. పాకిన నెలకు గాని దురద బయటపడదు.” అతను మూడు ట్యూబులు బల్ల మీద పెట్టాడు. “మెడ నుంచి అరికాళ్ళ దాకా ఇంట్లో అందరూ ఒకేరోజు రాసుకోండి, వారానికి మళ్ళీ ఒకసారి. గోళ్ళు కత్తిరించండి. ఒంటి మీది బట్టలూ దుప్పట్లూ మరిగే నీళ్ళలో వెయ్యండి. మొన్న మీ తమ్ముడుగారు కూడా డాక్టరు చీటీ పట్టుకొచ్చారు. పాప అరచేతుల నిండా ఇవే పొక్కులట.”

ఆయన ముఖం ఇటుకరంగుకు తిరిగింది. బయటికొచ్చాక పళ్ళు నూరాడు. “మన దగ్గర తెల్లరంగు డబ్బా ఒక్కటీ లేక పది రోజులుగా వచ్చిన బేరమల్లా వాడి దుకాణానికి నడిచిపోతోంది. బేరాలు మనం ఇస్తే గజ్జి వాడిచ్చాడు. బాగుంది బదులు!”

అన్నదమ్ములిద్దరికీ ఉప్పూ నిప్పూ. ఇల్లు ఒకటే. మధ్యగోడతో రెండు వాటాలు, ఆ గోడలో ఒక తలుపు. ఏడాది కిందట తమ్ముడు అన్న దుకాణానికి సరిగ్గా ఎదురుగా రంగుల దుకాణమే తెరిచాడు. ఆ తలుపు దాటినవాళ్ళు మళ్ళీ తన గడప తొక్కనక్కర్లేదని అన్న ఆ రోజే తేల్చేశాడు. ఐదు నెలల కిందట తమ్ముడికి కూతురు పుట్టినా ఆ మాట మారలేదు. తలుపు మూసి గోడ కట్టడానికి ఇటుకలు దింపి రెండు నెలలైంది. మేస్త్రీయే దొరకడం లేదు.

ఇంటికి రాగానే పంచాయతీ మొదలైంది. ఉన్నది ముగ్గురు. తను, తల్లి, భార్య.

“చెప్పండి. మీ ఇద్దరిలో ఎవరు దాటారు?”

“నా మోకాళ్ళతో మంచమే దిగలేను,” అంది తల్లి. “మధ్యాహ్నం కన్ను మూస్తే నాలుగింటికి గాని తెరవను. మనవరాలిని కిటికీలోంచి చూసుకునే ఖర్మ పట్టించావు, చాలదూ?”

“అయితే నువ్వే.” భార్య వైపు తిరిగాడు.

“నాకు తీరికెక్కడిది? పొద్దున వంట. మధ్యాహ్నం మీరు భోజనానికి వస్తే ఆ గంటా దుకాణంలో కూర్చునేది నేను. మిగిలిన పొద్దంతా మీ చొక్కాల మీద మరకలు రుద్దడానికే సరి.”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలెందుకు తడుముకుంటావు?”

“దొంగ ముద్ర వేస్తుంటే తడుముకోక చప్పట్లు కొట్టనా?”

“పిల్లల్లేని దానివి. గోడవతల పసిబిడ్డ ఏడుస్తుంటే మనసు ఆగుతుందా? నాకు తెలియదూ!”

పన్నెండేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.

“ఒరే, అది నోరేనా?” అంది తల్లి.

“నోరు సంగతి తర్వాత. రేపు ఆ తలుపుకు గోడ లేస్తుంది. సాయంత్రంలోగా నిజం ఒప్పుకోకపోతే ఈవిడ పుట్టింటికి పోతుంది.”

“మేస్త్రీ దొరికాడా?” అంది ఆమె.

“దొరుకుతాడు!”

కోపం ఎంతున్నా మందు మందే. అత్తకు రాసింది, తను రాసుకుంది, భర్తను పీట మీద కూర్చోబెట్టి ట్యూబు నొక్కింది. ఆయన ఎడమ మోచేతి మడతలోనూ, ముంజేతి పొడుగునా పొక్కులు ఎండి నల్లబడి ఉన్నాయి. తనవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. గల్లా దగ్గర కూర్చున్న మనిషి కదా, పాత సరుకేదో కొత్త సరుకేదో తనకు తెలుసు.

“మీకు దురద ఎప్పటినుంచి?”

“నీ తర్వాతే.”

“మచ్చలు అలా చెప్పడం లేదే.”

“నన్ను బోనెక్కిస్తున్నావా? సామాను సర్దుకో, పో!”

ఆమె పెరట్లోకి వెళ్ళింది. పుట్టింట్లో అడుగుపెడితే ఏమని చెప్పాలి? గజ్జి అంటించిందని పంపేశారనా? పొయ్యి మీద కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. దుప్పట్లు వేసింది. అత్త చీరలు వేసింది. నిన్న ఆయన విడిచిన చొక్కా అందుకుంది. ఎప్పటిలాగే ఎడమ భుజం మీద తెల్లమరక. డబ్బా మూత తీస్తే చిందిందంటాడు. రంగులవాడి పెళ్ళానికి మరకలు కొత్తా? అలవాటుగా గోటితో గీకబోయింది. గోరు లేదు, మందు రాసుకునే ముందే కత్తిరించుకుంది. బొటనవేలితో రుద్దింది. రంగయితే పెచ్చుగా లేస్తుంది. ఇది మెత్తగా పొడి రాలింది.

ఆమె చెయ్యి ఆగింది. దుకాణంలో తెల్లరంగు అయిపోయి పది రోజులు.

“ఎవరు దాటారో ఒప్పుకుంటావా లేదా?” లోపల్నుంచి ఆయన కేక.

ఆమె చొక్కాను ముక్కు దగ్గరకు తెచ్చుకుంది.

పసిబిడ్డ కక్కిన పాల వాసన.