మడత మడతకో మాట

“జీతమెంతో అడగవేం?” లాండ్రీ యజమాని కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. కొత్త ముఖం.

“మీరెంతిస్తే అంతేనండీ.”

ఎవరూ ఒప్పుకోని అంకె చెప్పాడు.

“సరేనండీ,” అని ఆమె లోపలికి నడిచింది.

యజమాని బల్ల అవతలి బావమరిది వైపు గెలుపుగా తిరిగాడు.

“విన్నావా? జీతం చాలక జనం రావట్లేదని ఏడాదిగా చెవిలో జోరీగలా పోరుతున్నావు. జీతం కాదురా, ఒళ్ళు వంగదు వాళ్ళకి!”

“వచ్చింది ఒక్కతే కదా బావా!”

“ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదూ?”

ఆసుపత్రి దుప్పట్లే ఆ లాండ్రీకి ఊపిరి. ఇరవై మంది చేయవలసిన పని పదకొండు మంది వీపుల మీద నడుస్తోంది. ఒక్కరోజు ఆలస్యమైతే ఒప్పందం రద్దు.

ఆమెను మడతల గదిలో వేశారు.

దుప్పటిని ఇద్దరు మడవాలి. చెరో రెండు కొసలు పట్టి దూరంగా నిలుస్తారు. మడిచి దగ్గరవుతారు. వేళ్ళు వేళ్ళను తాకుతాయి. మళ్ళీ దూరమవుతారు. యంత్రాల హోరులో మాట వినిపించేది ఆ దగ్గరైన క్షణంలోనే.

“పిల్లకి జ్వరం తగ్గిందా అక్కా?” ఒక మడతలో అడిగింది ఆమె.

“లేదు. సెలవడిగితే తిట్టాడు.” జవాబు తరువాతి మడతలో వచ్చింది.

“ఏమని?”

“పిల్ల నీకు పుట్టిందా, నా లాండ్రీకి పుట్టిందా అని.”

మూడో మడతలో ఆమె ఇంకేదో చెప్పింది. అక్క చేతిలో దుప్పటి కొస ఒక్కక్షణం బిగిసింది.

మర్నాడు మరొక జత. ఆ మర్నాడు ఇంకొకరు.

“అందరూ నీతోనే మడవాలంటున్నారు. పనిమంతురాలివి!” యజమాని మెచ్చుకున్నాడు. “ఇకమీదట వ్యానులో నువ్వే వెళ్ళి ఆసుపత్రిలో అప్పగించిరా.”

“అలాగేనండీ.”

మొదటి నెల ఇద్దరు మానేశారు. రెండో నెల నలుగురు.

“ఇప్పటికైనా జీతం పెంచు బావా. మునిగిపోతాం,” బావమరిది బతిమాలాడు.

యజమాని పళ్ళు నూరుతూ రెట్టింపు చేశాడు. కొత్త జీతం రాయించి గేటుకు ఎర్రరంగు బోర్డు కట్టించాడు. జనం వచ్చారు. బోర్డు చదివారు. లోపలికి తొంగి చూశారు. వెనుదిరిగారు.

“చూశావా? డబ్బు గుమ్మరించినా రారు. సోమరిపోతులు!”

బావమరిది గేటు దాకా వెళ్ళి బోర్డును మళ్ళీ ఒకసారి చదివాడు.

మూడో నెల చివరి సోమవారం ఎవ్వరూ రాలేదు. ఆమె కూడా.

ఉతకని దుప్పట్లు కప్పు దాకా పేరుకున్నాయి. బాయిలరు చూసుకునే తాత ఒక్కడూ వచ్చాడు, తాళాలు ఇచ్చిపోవడానికి.

“అందరూ ఎక్కడ చచ్చారు?”

“వీధి చివరి గోదాములో, బాబూ. సంఘం పెట్టుకుని, అప్పు తెచ్చి, సొంత మిషన్లు దింపారు. నేనూ అక్కడికే.”

“నాకంటే ఎక్కువిస్తారా?”

“నీ ఎర్రబోర్డులో సగం.”

“సగానికి పోతావా? మతి పోయిందా తాతా?”

“రెండేళ్ళ కిందట మడతలావిడ చెయ్యి ఇస్త్రీ రోలరులో పడినప్పుడు, పరుగున వచ్చి నువ్వు మొదట అడిగిన మాట గుర్తుందా బాబూ?”

“ఏమడిగాను?”

“‘దుప్పటికి నెత్తురంటిందా?’ అన్నావు.”

యజమాని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఆ మాట ఊళ్ళో తొక్కని గడప లేదు. గతిలేక ఉన్నాం ఇన్నాళ్ళూ. గతి దొరికింది,” తాత తాళాలు బల్ల మీద పెట్టాడు. “ఆ మాటకి ఎంత పెంచితే సరిపోతుందంటావు, నువ్వే చెప్పు!”

యజమాని ఆసుపత్రికి పరుగెత్తాడు.

స్టోర్సు అధికారి గదిలో, ఎదుటి కుర్చీలో, ఆమె కూర్చుని ఉంది.

“ఒక్క వారం గడువివ్వండి సార్!”

“గడువు పొద్దున్నే దాటిందండీ. రేపటి నుంచి ఈవిడ సంఘానికి ఇస్తున్నాం. మూడు నెలలుగా ఈవిడ చేతి పనేగా చూస్తున్నాం!”

యజమాని ఆమె మీదికి తిరిగాడు.

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టావే! జీతం చాలదని ఒక్కమాటంటే పెంచేవాణ్ణి కదా!”

“జీతం కోసం రాలేదండీ.”

“మరి నేను నీకేం ద్రోహం చేశాను? నిన్నెప్పుడైనా పల్లెత్తు మాటన్నానా?”

“లేదండీ. నన్నేమీ అనలేదు.”

ఆమె నెమ్మదిగా లేచింది. మూడు నెలలుగా వంచిన తలను ఎత్తి, అతని కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ చూపు ముందు అతడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె వెళ్ళి తలుపు తెరిచింది.

వరండా బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కుడిచేయి మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

“రండి అత్తయ్యా, ఒప్పందం మీద సంతకం మీరే పెట్టాలి, ఎడమచేత్తో పెట్టినా చెల్లుతుందట,” అంది కోడలు.