పెద్దాయన మీద విచారణ

గ్రంథాలయం పెట్టిన పెద్దాయన విగ్రహాన్ని ఉంచాలా, తీసెయ్యాలా అని ఆ విగ్రహమున్న గ్రంథాలయం గదిలోనే కమిటీ సమావేశం పెట్టారు. చెక్కినవాణ్ణి కాబట్టి నన్నూ పిలిచి, తలుపు పక్కన ఓ స్టూలు వేశారు.

ఆ విగ్రహం ఉన్నంతకాలం నేను శిల్పిని. అది పోతే సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కేవాణ్ణి. గేట్ల మీదికి నేను చేసిన సింహాలను జనం ఇప్పటికీ పిల్లులనే అనుకుంటున్నారు. అందుకే దారిపొడుగునా నా వాదన వల్లె వేసుకుంటూ వెళ్ళాను.

చరిత్ర లెక్చరరుగారు మొదలుపెట్టారు. పెద్దాయన గుట్టంతా తవ్వి తీసింది ఆవిడే.

"పుస్తకాలు అందరివీ అని ఉపన్యాసాలిచ్చిన మనిషి, కట్టుకున్న భార్యను పుస్తకం ముట్టుకోనివ్వలేదు. పనివాళ్ళను బెల్టుతో కొట్టేవాడు. ఈయనకా మనం దండలు వేసేది?"

"ఆ కాలం అలాంటిదండీ," అన్నాను.

"ఆయన భార్యదీ ఆ కాలమేగా? ఆవిడ మనసుకు కష్టం అనిపించలేదంటారా?"

నేను వల్లె వేసిందంతా అక్కడితో అయిపోయింది.

"అసలు ఆ మొహం చూడండి," అంటూ ఆవిడ విగ్రహం వైపు చెయ్యి చాపారు. "అంత గుబురు గడ్డం పెట్టినా పొగరు దాగడం లేదు. ఎదుటివాళ్ళ మాట వినే మొహమేనా అది?"

మూల కుర్చీలో లైబ్రేరియన్ తలూపింది. నా చెవులు వేడెక్కాయి.

లాయరుగారిది పెద్దాయన పక్షం. "మొహం బాగోలేనంత మాత్రాన చేసిన మంచి ఎక్కడికి పోతుంది మేడమ్? నేను చదువుకున్నది ఈ గదిలోనే. మూతి ముడుచుకున్నట్టుందని విగ్రహం తీసేస్తామా?"

ఆయన సాయం చేస్తున్నకొద్దీ నాకు ఒళ్ళు మండింది. "అది మూతి ముడుచుకోవడం కాదండీ, ఆలోచన," అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

అధ్యక్షుడు మందుల షాపాయన. ఎవరితోనూ చెడకూడని వ్యాపారం. "అటొకరు, ఇటొకరు అయ్యారు. లైబ్రేరియన్ గారు ఎటంటే అటే," అని తప్పుకున్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. లైబ్రేరియన్ అంటే మా ఆవిడే.

మా ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పెళ్ళయిన కొత్తలో ఇక్కడ చేరాను. అప్పట్నుంచీ ఆ మొహమే చూస్తున్నాను. ఆయన పెట్టిన గ్రంథాలయమంటే నాకు ప్రాణం. పేరు బోర్డు మీద ఉండనివ్వండి. చేసిన తప్పులు కూడా దాని కిందే రాయించండి. దండలు వెయ్యడానికి ఆ మొహం మాత్రం వద్దు."

తీర్మానం అయిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అధ్యక్షుడికి నా మీద జాలి కలిగింది. "పోనీ, విగ్రహాన్ని మీ ఇంటికి పట్టుకెళ్ళండి."

"మా ఇంటికొద్దండీ," అంది మా ఆవిడ. "ఒకదాన్ని భరిస్తున్నాను, చాలు."

ఇంట్లో ఇంకో విగ్రహం ఉందేమోనని అంతా నా వైపు చూశారు. పెద్దాయన ఫొటో ఒక్కటి కూడా దొరక్క, నేను అద్దం ముందు కూర్చుని ఎవర్ని చూసి ఆ మొహం చెక్కానో ఆ గదిలో ఆవిడొక్కదానికే తెలుసు.