వెనక సీటు

"రికార్డు మొత్తం క్లీన్ అన్నా. ఒక్క యాక్సిడెంట్ లేదు," అంటూ శ్యాంసుందర్ అమ్మకానికి పెట్టిన తన బెంజి కారు తాళం భాస్కర్ చేతిలో పెట్టాడు.

"ఈ బండిల ఎవ్వలకన్న ఏమన్న అయిందా? జర నిజం చెప్పు తమ్మీ, అమ్మను మేడారం తోల్కపోవాలె."

"ఎవ్వలకేం కాలే."

భాస్కర్ ట్రయల్‌కి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. శ్యాంసుందర్ భార్య శోభారాణి వెనక డోర్ తీసి, చెప్పులు కిందే విడిచి ఎక్కింది.

"కారెక్కెటందుకు చెప్పులిడిసినవేంది చెల్లె?"

ఆమె నాలుక్కరుచుకుంది.

శ్యాంసుందర్ ఆ చెప్పుల వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ డోర్ తను తెరిచి ఏడాదైంది.

"మా నాయిన పానం ఆ సీట్లనే పోయిందన్నా. దవాఖానకు తీస్కపోతాంటే, రఘునాథపల్లి కాడ," అన్నాడు.

భాస్కర్ కారు దిగి, తాళం ఇచ్చేసి వెళ్లిపోయాడు.

శ్యాంసుందర్ బూట్లు విప్పి, వెనక సీట్లో భార్య పక్కన కూర్చున్నాడు.