తిరగేసిన లంగా

"తనూజా! మిద్దె మీదికి రా!"

అత్త రామలక్ష్మమ్మ కేకకు తనూజ చేతిలో పని వదిలి లేచింది. సంతకు పోయిన మనిషి ఇంత తొందరగా ఎట్లా వచ్చింది? చేతులు కొంగుకు తుడుచుకుంటూ మెట్లెక్కింది.

మిద్దె మీద మండే ఎండ. తీగ మీద తిరగేసి ఆరేసిన తన లంగా. దాని పక్కనే అత్త. ఆ ఇంట్లో ఆడవాళ్ల లంగాలు వెనక గదిలో, పైన తువ్వాలు కప్పి ఆరేయాలి. నాలుగు నెలల కిందట కాపురానికొచ్చిన రోజే చెప్పిన కట్టుబాటది.

"ఎవురు చెప్పినారే ఈడ ఆరేయమని?"

"ఎవురూ చెప్పలేదత్తా... మర్చిపోయి..."

"మర్చిపోయి తిరగేస్తారా? ఏదీ, నడుం చూపీ."

పోయిన నెలే ఎదురింటి కోడలికి మచ్చలొస్తే, కుష్టని, పెద్దరోగమని పుట్టింటికి తరిమేశారు. ఇక తన గతీ అంతే. కొంగు తొలగించింది. బొందు కట్టే చోట ఎర్రగా చుట్టలు చుట్టలు.

"పెద్దరోగం కాదత్తా, తామరే! మొన్న ఊరికి పోయినప్పుడు, ఎవురికీ చెప్పకుండా కడపలో చర్మం డాక్టరమ్మకు చూపించుకున్యా. మెడికల్ షాపు ట్యూబు పూసే ముదిరిందంట. ఇప్పుడు మంచి మాత్రలొచ్చినాయంట. దురద తగ్గినా ఆపకుండా ఆరువారాలు మింగాలంట. బట్టలు తిరగేసి ఎండకెయ్యాలంట. ఇంట్లో ఇంకెవురికన్నా ఉంటే..." అని నాలుక కరుచుకుంది.

"ఎప్పట్నించి ఉండాది?"

"ఈడికొచ్చినాకే అత్తా."

అన్నాక తెలిసింది, ఇంటినే తప్పుపట్టినట్టయిందని. అత్త ముఖం మాడిపోయింది. గబగబా కిందికి దిగిపోయింది. ఇంకెందుకు, నాయనకు ఫోన్ చేసి తీసుకుపొమ్మనడానికే! తనూజ పిట్టగోడ పట్టుకుని కూలబడింది. ఏడుపు ఆగలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. అత్త చేతిలో ఫోన్ లేదు. తడి లంగా ఉంది. దాన్ని తిరగేసి, కోడలి లంగా పక్కనే తీగ మీద వేసింది.

"నువ్వొచ్చిన దినం నీ పెట్టె రాలేదని నా లంగా ఇస్తి గదా," అంది. "మూడేండ్లుగా నాకూ ఉండాది ఇది. ఎవురికీ చెప్పలేదు."

తర్వాత వంగి, కోడలి చేతులు రెండూ పట్టుకుంది.

"మీ అమ్మకు మాత్రం చెప్పొద్దు తల్లీ! పెద్దరోగమున్న ఇల్లని నిన్ను తీసకపోతారు."