కాలివేళ్ళాయన

ఓర్ఫెలీనా బంగాళాదుంపలు తురుముతోంది.

బయట పొగమంచు. చిలీ దేశంలో, చిలోయే అనే పెద్ద దీవి పక్కనున్న ఆ చిన్న దీవిలో సముద్రమేదో ఆకాశమేదో తెలియడం లేదు.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. తలెత్తి చూసి నవ్వింది.

"ఓహో, కాలివేళ్ళాయనా! ఆస్పత్రిలో నన్ను సతాయించింది చాలదా?"

అరవై దాటిన మనిషి. నలిగిన కోటు, బురద బూట్లు.

"ఇటుగా వెళ్తున్నానమ్మా. ఒక్కసారి నడిచి చూపిస్తారా?"

మూడు నెలల క్రితం దుంపలు తవ్వుతుంటే ఆమె వీపులో కత్తి దిగినట్టయింది. కాసేపటికి కాళ్ళు తనవి కాకుండా పోయాయి.

వెన్నుపాము చుట్టూ నెత్తురు చేరిందన్నారు పెద్ద దీవి ఆస్పత్రిలో. దెబ్బ తగల్లేదు, కింద పడలేదు. దానంతటదే చేరిందట.

అయితే అక్కడికి తెచ్చిన పడవ దిగేసరికే కాళ్ళు కాస్త కదలసాగాయి. అందుకని ఆపరేషన్ చేయకుండా, కదలొద్దని పడుకోబెట్టారు.

గంటకోసారి ఈయన వచ్చేవాడు.

"వేళ్ళు కదపండమ్మా."

అరికాలిని వేలితో గీసేవాడు. "తెలుస్తోందా?"

ఆమెకు కలలో ఉన్నట్టుండేది. కాళ్ళు ఎక్కడో నీళ్ళలో తేలుతున్నట్టు, తను ఒడ్డున కూర్చుని వాటిని పిలుస్తున్నట్టు. ఆ గొంతు వినబడ్డప్పుడల్లా అవి కాస్త దగ్గరకు కొట్టుకొచ్చేవి.

"కోసే డాక్టరు ఎప్పుడొస్తాడయ్యా?" అని కసిరేది.

"ఈ వేళ్ళు ఆగిపోతే ఆ నిమిషమే వస్తారు. కత్తి సిద్ధంగానే ఉంది."

"అందాకా నువ్వు నా వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చో!"

వేళ్ళు ఆగలేదు. నెత్తురు మెల్లగా దానంతటదే ఇంకిపోయింది.

ఇప్పుడామె పొయ్యి దగ్గర్నుంచి గుమ్మం దాకా నడిచింది. అతను వంగి ఆమె మడమలనే చూశాడు. మళ్ళీ నడవమన్నాడు. మళ్ళీ చూశాడు.

"చాలమ్మా," అన్నాడు తృప్తిగా.

ఆమె లోపల్నుంచి బూడిదరంగు ఉన్ని మేజోళ్ళు తెచ్చింది.

"నేనే అల్లాను. ఆ పెద్ద డాక్టరుకివ్వు. ఒక్కసారైనా మొహం చూపించలేదు గానీ, నా వీపు మీద కత్తి పెట్టకుండా ఆగాడు చూడు, ఎంత ఓపిక! మధ్యలో నువ్వు తొడుక్కునేవు, జాగ్రత్త!"

అతను వాటిని రెండు చేతులతో అందుకున్నాడు.

"అందుతాయమ్మా."

"దుంపల రొట్టెలు, మిల్కావ్ కాలుస్తున్నా. ఒకటి తిని పో."

"పడవ వేళయింది."

మంచులో కలిసిపోయాడు.

కాసేపటికి పెద్ద దీవి ఆస్పత్రి నర్సు నెల్దా వచ్చింది. వారానికోసారి వచ్చి ఆమె బీపీ చూసి వెళ్తుంది.

"రేవులో ఓ వింత చూశాను, దోన్యా ఓర్ఫెలీనా! మా సర్జన్ గారు బూట్లు విప్పి, కొత్త ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, చిన్నపిల్లాడిలా కాలివేళ్ళు ఆడించుకుంటున్నారు. నిన్నటితో ఉద్యోగం అయిపోయింది. ఈ పడవకే సొంతూరు వెళ్ళిపోతున్నారట. ఇక రారు."

తురుముతున్న చేయి ఆగింది.

"ఏ సర్జన్?"

"మనకున్నది ఒక్కరేగా! నాలుగు రోజులు ఇంటికెళ్ళకుండా గంటగంటకూ మీ మంచం దగ్గరికొచ్చింది ఆయనేగా. ఆయన మీకు చెప్పనేలేదా?"

రేవు వైపు నుంచి పడవ కూత వినబడింది.

ఓర్ఫెలీనా తడి చేతులతోనే, తన రెండు కాళ్ళ మీద గుమ్మం దాటి మంచులోకి నడిచింది.